దిగినవాడి సంతకం

బందు 6వ రోజు

ఇరవయ్యేడో నంబరు మోటారును ఈ రోజు విప్పాను.

మోటారు పుస్తకంలో రాయవలసింది రాశాను. తేదీ, విప్పినవాడి పేరు మద్దిలేటి, కారణం శక్తి చాలకపోవడం. ఆ పుస్తకం బండితోనే ఉంటుంది, ఎవరైనా చదవవచ్చు. ఈ నోటుపుస్తకం నా సొంతం. పని మధ్యలో కొలతలు మరిచిపోతానని పెట్టుకున్నాను.

బండి దస్తగిరమ్మది, వెనక చక్రంలో మోటారు ఉన్న సైకిలు. కింది మంచు ఫ్యాక్టరీ నుంచి కొండ మీది మా పైమెట్టలో ఎండకు తాళలేనివాళ్లను ఉంచే చల్లగదికి దిమ్మెలు మోసే ఆరుగురిలో ఆమె ఒకతి. తెల్లవారి చింతపండు బస్తాలతో ఘాట్ దిగుతుంది. ఎనభై కిలోల దిమ్మెను వరిపొట్టు పెట్టెలో వేసుకుని ఎక్కుతుంది. దారిలో తొమ్మిది వంపులు. ముదురు ఎండల ఈ బందు రోజుల్లో పది గంటలకు గంట కొడితే సాయంత్రం ఐదు దాకా దారి మీద మనిషి ఉండకూడదు. ఆమె మోటారు ఐదో వంపు దగ్గర ఒకసారి, ఎనిమిదో వంపు దగ్గర ఒకసారి వేడెక్కి ఆగిపోతోంది. రెండు చోట్లా చల్లారేదాకా కూర్చుని వచ్చేసరికి ఎనభై కిలోలు అరవై అవుతున్నాయి. రెండో మోతకు వేళ ఉండటం లేదు.

“చక్రం మీద రొట్టె కాల్చుకోవచ్చన్నా,” అంది. “మోటారు సల్లబడేదాకా నేను కూర్చుంటాండా. మంచు నాతోపాటు కూర్చోదు గదా.”

“బరువు తగ్గించుకోమ్మా.”

“చల్లగదిలో పదకొండు మంది ఉండారు. ఎవరిది తగ్గించమంటావు?”

ఆమె తమ్ముడి కూతురు, ఐదు నెలల పిల్ల, ఆ పదకొండు మందిలో ఉంది. ఆ మాట ఆమె అనలేదు.

బందు 8వ రోజు

శక్తి పెంచడానికి అందరికీ తెలిసిన దారి కరెంటు పెంచడం. కంట్రోలర్ లోపల కరెంటును కొలిచే పొట్టి తీగ ఒకటి ఉంటుంది. దాని మీద రవ్వంత సీసం పోస్తే అది తక్కువ కొలుస్తుంది, మోటారు ఎక్కువ తాగుతుంది. కరెంటు రెట్టింపయితే మోటారు లోపలి రాగితీగ చుట్టలో పుట్టే వేడి నాలుగింతలవుతుంది. అట్లా మాడిపోయిన మోటార్లు నా షెడ్డు మూలన ఎనిమిది ఉన్నాయి.

నేను వోల్టేజి పెంచాను. బ్యాటరీలో పది వరుసల సెల్స్ ఉన్నచోట పదమూడు పెట్టాను. కరెంటు పదిహేను నుంచి ఇరవైకి మాత్రమే. యాక్సిల్ బొక్కలోంచి వచ్చే మూడు తీగలను తీసేసి లావుపాటివి లాగాను. దానికే గంటన్నర పట్టింది. చుట్టకు వేడి కొలిచే గింజ అంటించాను. నూరు డిగ్రీలు దాటితే కంట్రోలర్ తనంతట తాను కరెంటు తగ్గిస్తుంది. చుట్టకూ అయస్కాంతాలకూ నడుమ ఉన్న సన్నని సందులో ఇనుపపొడి కలిపిన నూనె ఎనిమిది మిల్లీలీటర్లు వేశాను. అది అయస్కాంతాలకు అంటుకుని ఉండిపోయి లోపలి వేడిని బయటి డొప్పకు చేరుస్తుంది.

ఇక యాక్సిల్. మోటారు చక్రాన్ని ఎంత బలంగా ముందుకు తిప్పితే యాక్సిల్ అంత బలంగా వెనక్కు తిరగాలని చూస్తుంది. ఫ్రేములో అది కూర్చునే గాడి నోరు తెరుచుకుంటే యాక్సిల్ తిరిగిపోయి తీగలు తెగుతాయి. అందుకని ఆరు మిల్లీమీటర్ల ఉక్కుతో పట్టీ చేశాను. ఒక కొస యాక్సిల్‌ను పట్టుకుంటుంది. రెండో కొసను ఫ్రేము కడ్డీకి ఆనించి క్లిప్పు బిగించాను. నిజానికి రెండు వైపులా వేయాలి. గేరు పళ్ల వైపు చోటు లేదు, పట్టీని కొలిమిలో కాల్చి వంచాలి. ఒకటి చాలనుకున్నాను.

ఆ ఒక్కటి తప్పిస్తే ఇంత శుభ్రమైన పని నేను ఇంతకు ముందు చేయలేదు.

బందు 10వ రోజు

విప్పినవాడే మొదట ఆ బండి మీద ఘాట్ దిగాలి. నిండు బరువుతో, చక్రాన్ని మోటారుతోనే ఆపే మోటారు బ్రేకు వాడుతూ, మూడుసార్లు. ఆ తరువాతే పుస్తకంలో ‘దిగినవాడు’ అన్న గడిలో సంతకం పెట్టాలి. ఆ సంతకం లేని బండిని పైమెట్టలో ఎవరూ ముట్టరు. ఎవరైనా అడ్డం వచ్చి దెబ్బ తినకుండా ఈ పరీక్ష బందు వేళలోనే జరుగుతుంది.

పన్నెండు గంటలకు ఘాట్ మొదట్లో ఉన్న గొలుసు దగ్గరికి వెళ్లాను. ఘాట్ పెద్ద సుంకన్న మామ తడిగుడ్డ తల మీద వేసుకుని నీడలో కూర్చుని ఉన్నాడు. బస్తాలు రెండూ చేత్తో తట్టి చూసి గొలుసు దించాడు.

“పో అబ్బీ. దావంతా నీదే,” అన్నాడు.

మొదటి వంపు తిరిగేదాకా బండి మీద కూర్చున్నాను. ఆయనకు కనబడని చోటికి వెళ్లాక ఆపి, కాళ్లు నేలకు ఆనించి, హ్యాండిల్ పట్టుకుని నడిపించుకుంటూ పోయాను. చేతి బ్రేకులు పట్టుకుని, తొమ్మిదో వంపు దాకా. బస్తాలు ముందుకు తోస్తుంటే మడమలు నేలకు తన్నిపెట్టి ఆపుకుంటూ పోవాలి. గంటన్నర పట్టింది.

ఎక్కేటప్పుడు బండి మీదే వచ్చాను. దిమ్మెతో సహా యాభై రెండు నిమిషాలు. ఎక్కడా ఆగలేదు. వేడి ఎనభై ఆరు దాటలేదు. ఎక్కడానికి నాకు ఏమీ కాదు.

దిగడానికే. నాలుగేళ్లయింది. నేనెప్పుడూ పడలేదు. నా కళ్ల ముందు ఎవరూ పడలేదు. ఒక రోజు ఐదో వంపు దగ్గర ఏ కారణమూ లేకుండా చేతులు వణికి, బ్రేకు మీద వేళ్లు నిలవలేదు. బండి ఆపి పక్కన కూర్చున్నాను. ఆ రోజు నడిచాను. మరుసటి రోజు పుస్తకంలో దిగానని రాశాను. అప్పటి నుంచి నలభై ఒక్క మోటార్లకు అదే రాశాను. అవన్నీ పాత శక్తికే సరిచేసినవి. వాటికి ఏమీ కాలేదు. ఏమీ కాకపోతుంటే రాయడం అలవాటైంది.

బందు 12వ రోజు

మూడోసారి కూడా అట్లాగే. సంతకం పెట్టాను. నలభై రెండు.

బందు 14వ రోజు

దస్తగిరమ్మ తొమ్మిది లోపలే రెండు మోతలు వేసింది. మొదటి దిమ్మె తూకానికి డెబ్భై ఆరు, రెండోది డెబ్భై ఐదు. చల్లగదిలో వేడి ముప్పై ఒకటికి దిగింది. మిగతా అయిదుగురూ వచ్చి తమ మోటార్లకూ ఇట్లాగే చేయమని అడిగారు. వాళ్లలో గంగాద్రి నోరు ఊరుకోదు.

“ఏమన్నా, ఆడమనిషి బండికి రెక్కలు కట్టినావు. మేమేం పాపం చేసినాము?”

“నీ బండికి రెక్కలు గడితే నువ్వు ఇంటికి యాడ వస్తావురా,” అంది దస్తగిరమ్మ.

సాయంత్రం ఆమె మా ఇంటికి చెంబు పట్టుకొచ్చింది. చెంబులో పిడికెడంత మంచుముక్క. చల్లగదికి తెచ్చిన మంచులోంచి ఎవరికీ ఇవ్వరు. మోసినవాళ్ల వంతుకు వారానికి ఒక ముక్క వస్తుంది, అది తెచ్చింది. నీళ్లలో వేసుకుని తాగాను. పళ్లు జిల్లుమన్నాయి. నా భార్య ఎల్లమ్మ తన వంతు గుక్కెడు తాగి నా వైపు చూసి లోపలికి వెళ్లింది.

బందు 17వ రోజు

“అన్నా, దిగేటప్పుడు వెనకాల టక్కుమంటాండాది,” అంది దస్తగిరమ్మ. “మోటారు బ్రేకు పట్టినప్పుడు ఒక టక్కు. వదిలితే ఇంకో టక్కు.”

“ఎక్కేటప్పుడు?”

“ఎక్కేటప్పుడు ఏం లేదు.”

యాక్సిల్ నట్టు చూశాను. కొంచెం వదులైంది. బిగించాను. కొత్త వాషర్ కదా, కూర్చుంటోంది అని చెప్పాను. నట్టు మీంచి ఫ్రేము మీదికి తెల్ల రంగుతో ఒక గీత పెట్టాను. నట్టు కదిలితే గీత తెగి కనబడుతుంది.

బందు 19వ రోజు

గీత తెగింది. నట్టు పావు తిప్పు వెనక్కు వెళ్లింది.

చూసిన వెంటనే అర్థమైంది. ఎక్కేటప్పుడు పట్టీ ఫ్రేము కడ్డీని నెడుతుంది. కడ్డీ గట్టిది, ఓర్చుకుంటుంది. మోటారు బ్రేకు పట్టినప్పుడు బలం ఎదురు తిరుగుతుంది. అప్పుడు పట్టీ కడ్డీని వదిలి అవతలికి లాగుతుంది. దాన్ని ఆపేది రేకు క్లిప్పు ఒక్కటే. క్లిప్పు సాగింది. యాక్సిల్ గాడిలో ఇటూ అటూ ఊగుతూ నట్టును విప్పుకుంటోంది. బరువుతో ఒక్కసారి మోటారు బ్రేకు మీద దిగి ఉంటే, మూడో వంపు చేరకముందే ఆ టక్కు నాకు వినబడేది.

రెండో వైపు పట్టీ వేయాలి. రెండింటినీ బోల్టులతో బిగించాలి, క్లిప్పులతో కాదు. అందుకు చక్రం విప్పాలి. విప్పితే మళ్లీ మూడుసార్లు దిగాలి.

“మోటారు బ్రేకు తక్కువ వాడు,” అన్నాను ఆమెతో.

“తక్కువ వాడితే ఎట్లన్నా? రెండు బస్తాలతో చేతి బ్రేకులే పడితే ఆరో వంపుకు బ్రేకు రబ్బర్లు మాడిపోవా? నువ్వు దిగేటప్పుడు ఏం పట్టినావు?”

“మోటారు బ్రేకే.”

“నీకు టక్కుమనలేదా?”

“లేదు,” అన్నాను.

ఆమె చక్రం వైపు చూసింది. “అట్లయితే నేను గట్టిగా పడతాండానేమో. రవ్వంత మెత్తగా పట్టి చూస్తాలే,” అంది.

నట్టు బిగించి పంపాను. శుక్రవారం మోతలు ఉండవు. ఆ రోజు బండి తెప్పించుకుని పట్టీ వేద్దామనుకున్నాను. శుక్రవారానికి మూడు రోజులుంది. పుస్తకంలో రాయకుండా చక్రం విప్పడం ఎట్లా అని కూడా ఆలోచించాను. అది ఇక్కడ రాయకపోతే ఈ నోటుపుస్తకం కూడా ఆ పుస్తకం లాంటిదే అవుతుంది.

బందు 21వ రోజు

దస్తగిరమ్మ నాలుగో వంపు దగ్గర పడిపోయింది.

పొద్దున ఆరున్నరకు, రెండు బస్తాలతో దిగుతూ. మోటారు బ్రేకు పట్టగానే యాక్సిల్ గాడిలో తిరిగింది. నేను లాగిన లావుపాటి తీగలు యాక్సిల్‌కు చుట్టుకుని పై తొడుగు చీలి, ఒకదానికొకటి తగిలాయి. అట్లా తగిలితే మోటారు తనను తానే పట్టేసుకుంటుంది. వెనక చక్రం ఉన్నచోట నిలిచిపోయింది. ఆమె కొండ వైపు పడింది. అవతలి వైపు పడి ఉంటే ఏమయ్యేదో పైమెట్టలో అందరికీ తెలుసు.

ఎడమ చేతి చివరి రెండు వేళ్లు విరిగాయి. మోచేతి నుంచి మణికట్టు దాకా తోలు లేచిపోయింది. మోకాలికి కుట్లు వేశారు. బండిని గంగాద్రి, ఇంకొకరు మోసుకొచ్చి నా షెడ్డులో పెట్టారు.

“బాగు చేస్తావు గదన్నా,” అన్నాడు గంగాద్రి. నేను తలూపాను.

బందు 22వ రోజు

గొలుసు దగ్గర కూడారు. ఎవరైనా పడితే మరునాడు కూడటం ఆనవాయితీ. ఎవరి వల్ల పడిందో తేల్చకుండా ఆ బండి కదలదు.

సుంకన్న మామ మోటారు పుస్తకం తెరిచి అందరికీ వినబడేట్టు చదివాడు. విప్పినవాడు మద్దిలేటి. మార్చినవి ఇవి. దిగినవాడు మద్దిలేటి, మూడుసార్లు, రెండు బస్తాలతో, మోటారు బ్రేకు మీద. శబ్దం లేదు, వదులు లేదు.

“పనిలో లోపం లేదు,” అన్నాడు. “మల్లా ఏమైంది? బస్తాలు ఎన్ని ఏసినావు దస్తగిరమ్మా?”

“రెండే మామా.”

“ఎంత జోరుగా పోతాంటివి?”

“ఎప్పుడూ పోయేంతే.”

“కొత్త బలం వచ్చినాక ఎప్పుడూ పోయేంత ఎట్లయితాది,” అన్నాడు వెనక నుంచి ఒకాయన. “రెండు మోతలు ఏయల్లని పరిగెత్తింది. అంతే.”

సుంకన్న మామ ఆలోచించి, వేళ్లు కుదిరినా ఈ బందు ముగిసేదాకా ఆమెకు బండి ఇవ్వకూడదన్నాడు. ఆమె వంతు వేరేవాళ్లకు. మోసేవాళ్ల ఇంట్లో మనిషికి చల్లగదిలో మొదటి చోటు ఇస్తారు. వంతు పోతే ఆ ఐదు నెలల పిల్ల మంచం వేడి తగిలే తలుపు వైపు వరసకు మారుతుంది.

నేను ఆయన పక్కనే నిలబడి ఉన్నాను. పుస్తకం తిరిగి నా చేతికే ఇచ్చాడు. తీసుకున్నాను.

బందు 23వ రోజు

పొద్దున బందు మొదలయ్యే ముందు దస్తగిరమ్మ షెడ్డుకు వచ్చింది. కుంటుతూ వచ్చి, గడప బయటే నిలబడింది.

“మోటారు మొత్తం పోయిందా అన్నా?”

“తీగలు పోయినాయి. చుట్ట బాగానే ఉంది.”

“అంత బాగా చేసిస్తివి. పాడు చేసినా,” అంది. “నువ్వు అవే బస్తాలతో మూడుసార్లు దిగినావు, నీకేం కాలేదు. తప్పు నా చేతిలోనే ఉండాది. మోటారు బ్రేకు తక్కువ వాడమని నువ్వు చెప్తానే ఉంటివి. మెత్తగానే పట్టినా అనుకుంటి. ఏమో.”

“కూర్చోమ్మా,” అన్నాను.

“కూర్చోనులే, మోకాలు మడవలేను. ఈ మాట చెప్పిపోదామని వచ్చినా. నా మీద కోపం పెట్టుకోవద్దు.”

వెళ్లిపోయింది. గేటు దాటేదాకా చూస్తూ ఉన్నాను. పిలవలేదు. పిలిచి చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదని తెలుసు. చేతిలో ఉన్న స్పానర్‌ను బల్ల మీద పెట్టాను, మళ్లీ తీసుకున్నాను.

సాయంత్రం అన్నం తినలేదు. ఎల్లమ్మ కంచం తీస్తూ, “ఎన్నాళ్లు మోస్తావయ్యా,” అంది.

“దేన్ని?”

“నెలకో జత చెప్పులు కుట్టిచ్చేది నేనే గదా. మడమల కాడ అరుగుతాయి. బండి మీద పోయేటోనికి మడమలు అరుగుతాయా?”

“నీకు ఎప్పటి నుంచి తెలుసు?”

“రెండేండ్లు. నువ్వే చెప్తావని చూస్తి.”

బందు 24వ రోజు

పొద్దున అయిదున్నరకు గొలుసు దగ్గర బండ్లు వరుసగా నిలబడి ఉండగా వెళ్లాను. వెళ్లేదారిలో దస్తగిరమ్మ ఇంటి ముందు ఆగి, ఆమెనూ రమ్మన్నాను. ఎందుకని అడిగితే అక్కడ చెబుతానన్నాను.

“మామా, ఇరవయ్యేడో మోటారు మీద నేను దిగలేదు,” అన్నాను.

సుంకన్న మామకు అర్థం కాలేదు. “మూడోసారి దిగలేదా?”

“ఒక్కసారీ దిగలేదు. మొదటి వంపు కాడ్నించి నడిపించుకుపోయినా. ఆయమ్మ తప్పేం లేదు. పట్టీ ఒకటే ఏసినా, దిగేటప్పుడు అది పట్టదు. టక్కుమంటాండాదని ఆయమ్మ రెండుసార్లు చెప్పింది. నాకు తెలిసి కూడా చెప్పలేదు.”

సుంకన్న మామ గొలుసు కొస చేతికి చుట్టుకుంటూ అడిగాడు. “ఇదొక్కటేనా?”

“కాదు.”

“ఎన్ని?”

“నలభై రెండు. దీన్ని కలుపుకొని.”

గంగాద్రి తన బండి వైపు చూసుకున్నాడు. దాన్ని నేను పోయిన బందులో విప్పాను. “నాలుగేండ్లుగా మా ప్రాణాలు నీ చెప్పుల మీద దిగినాయా అన్నా,” అన్నాడు. నవ్వుతాలుకే అన్నట్టుంది కానీ ఎవరూ నవ్వలేదు.

దస్తగిరమ్మ ఒక్కటే అడిగింది. “నిన్న నేను నీ కాడికి వచ్చినప్పుడు ఎందుకు చెప్పలేదు?”

జవాబు కోసం వెతికాను. దొరికినవన్నీ నాకు అనుకూలంగానే ఉన్నాయి.

“చెప్పలేకపోయినా,” అన్నాను.

“నేను నీకు తప్పయిందని చెప్తాంటే వింటా నిలబడినావు,” అంది. గొంతు పెంచలేదు.

నలభై రెండు పుస్తకాల్లో నా సంతకాల మీద సుంకన్న మామ గీతలు కొట్టాడు. ఒక్కోదానికీ పేరు చదివి కొట్టాడు. ఘాట్ మీద తిరిగే బండ్లన్నీ నేను విప్పినవే. అన్నీ ఆగిపోయాయి.

బందు 25వ రోజు

మంచును మనుషులు మోశారు. కావడికి నలభై కిలోలు, రెండు గంటలకు పైగా నడక. ఎనిమిది కావళ్లు బయలుదేరితే పైకి చేరింది బండి మీద వచ్చేదానిలో సగం. నేనూ ఒక కావడి మోశాను. నా పక్కన ఎవరూ నడవలేదు. అడ్డం చెప్పినవాళ్లూ లేరు.

చల్లగది ముప్పై ఆరు. పసిపిల్లలకు తడిగుడ్డలు చుట్టారు.

బందు 26వ రోజు

విప్పినవాడే దిగాలి కాబట్టి నన్నే దిగమన్నారు. మొదట గంగాద్రి బండి. అందరూ బందు వేళలో తడిగుడ్డలతో వచ్చి గొలుసు దగ్గర నిలబడ్డారు. ఇద్దరు నా వెనక నడిచి వచ్చారు.

మొదటి వంపు దాటాను. రెండో వంపు దగ్గర చేతుల వణుకు మొదలైంది. మోటారు బ్రేకు మీద వేళ్లు ఉన్నాయని కళ్లకు తెలుస్తోంది, వేళ్లకు తెలియడం లేదు. కొండ వైపు గోడకు రాసుకుని ఆపాను. వెనక వచ్చేవాళ్లు బండి తీసుకుని పైకి నడిపించారు.

మళ్లీ ప్రయత్నించాను. అదే చోటు.

పుస్తకంలో రాశాను: రెండో వంపు దాకా. అక్కడ ఆగిపోయాను. రెండుసార్లు. ఆ గడిలో నేను నిజం రాయడం నాలుగేళ్లలో అదే మొదటిసారి. దానివల్ల ఒక్క దిమ్మె కూడా పైకి రాలేదు.

బందు 28వ రోజు

దస్తగిరమ్మ తమ్ముడి కూతురికి నిన్నటి నుంచి పాలు ఇమడటం లేదు. చల్లగది ముప్పై ఏడు.

గొలుసు దగ్గర మళ్లీ కూడారు. కట్టుబాటు పక్కన పెట్టి ఎవరు దిగగలిగితే వాళ్లు దిగితే పోతుందని ఒకరిద్దరు అన్నారు. సుంకన్న మామ ఒప్పుకోలేదు.

“విప్పినోడు దిగితేనే వానికి భయముంటాది. భయముంటేనే నట్టు రెండుసార్లు చూస్తాడు. పరాయోడు దిగేదైతే ఎవడు చూస్తాడు? అది మార్చేది లేదు.”

“మార్చొద్దు మామా,” అంది దస్తగిరమ్మ. ఆమెకు వంతు తిరిగి ఇచ్చారు కానీ బండి లేదు. “విప్పినోడు దిగల్ల. అంతే గదా. అట్లయితే దిగేటోళ్లమే విప్పుతాం.”

“నీకు విప్పేది తెలుసా?”

“తెల్దు. ఆయప్పకు తెలుసు,” అని నా వైపు చూడకుండా చేయి చూపింది. “నోటితో చెప్పమను. చేత్తో ముట్టొద్దు.”

సుంకన్న మామ చాలాసేపు కట్టుబాటును లోపల తిప్పి చూసుకున్నట్టున్నాడు. “చేత్తో ముట్టకపోతే విప్పినోడు కాదు,” అన్నాడు చివరికి.

ఈ రాత్రి కూర్చుని రెండు పట్టీలూ నేనే కాల్చి వంచి పెట్టాను. పట్టీ చేయడం విప్పడం కిందికి రాదట. అది అడిగి తెలుసుకున్నాను.

బందు 29వ రోజు

షెడ్డులో చోటు చాలక బల్లలు వాకిట్లోకి తెచ్చి పైన గోనెపట్టాలు కట్టారు. ఆరుగురూ ఆరు బండ్లు తలకిందులుగా పెట్టుకుని కూర్చున్నారు. మిగతా అయిదూ పాత శక్తి మోటార్లే కనుక విప్పి, చూసి, బిగించుకుంటే చాలు. దస్తగిరమ్మదే పెద్ద పని. నేను నడుమ పీట మీద కూర్చున్నాను. చేతులు మోకాళ్ల మీద పెట్టుకోమన్నాడు సుంకన్న మామ.

నేను నోటితో చెప్పి ఎరగను. నా పని చేతులకే తెలుసు. “ఆ తీగను ఇట్లా” అని మొదలుపెట్టి, ఎట్లానో చెప్పలేక ఆగిపోతున్నాను.

“ఇట్లా అంటే ఎట్ల?” అంటుంది దస్తగిరమ్మ. “నా కుడిచేతికా, నీ కుడిచేతికా?”

“గేరు పళ్ల దిక్కుకు.”

“అట్ల చెప్పు.”

“నాలుగేండ్లు ఆయన రాసిందంతా నోటి పనే గదక్కా,” అన్నాడు గంగాద్రి డొప్ప ఊడదీస్తూ. “ఇప్పుడేమో నోరు పెగల్దు.” ఈసారి ఇద్దరు ముగ్గురు నవ్వారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు కానీ, ఎత్తకపోతే ఎవరు ఏం బిగిస్తున్నారో కనబడదు.

దస్తగిరమ్మ తీగలను యాక్సిల్ బొక్కలోంచి తనే లాగింది. వెదురుబద్దలు కట్టిన రెండు వేళ్లు పక్కకు చాచి, మిగతా మూడింటితో. నాకు గంటన్నర పట్టిన పని ఆమెకు మూడు గంటలు పట్టింది. తీగలు బయటికి వచ్చేచోట వంపు తిరిగి కిందికి వేలాడేట్టు కట్టమన్నాను, యాక్సిల్ కదిలినా వాటికి లాగుడు తగలకుండా. ఆమె అడిగింది, ఇది మొదట ఎందుకు కట్టలేదని. మరిచిపోయానని చెప్పాను. అది నిజం.

పట్టీలు రెండూ పెట్టింది. ఒకటి ఎక్కేదానికి, ఒకటి దిగేదానికి అని తనకు తానే అనుకుంది. రెండూ రెండు పనులకూ కావాలని చెప్పాను. బోల్టులు వేసింది. పట్టీని చేత్తో ఊపి చూడమన్నాను. ఊపింది. ఇంకా సన్నని కదలిక ఉంది. రేకు ముక్క మడిచి సందులో పెట్టమన్నాను. పెట్టి మళ్లీ ఊపింది. కదలలేదు.

“ఇప్పుడు నట్టు,” అన్నాను.

బందు గంట కొట్టారు. గంట కొట్టిన వెంటనే దిగాలని ఆమె పట్టుదల. బ్రేకులు పట్టడానికి మొదటి రెండు వేళ్లు చాలునంది. సుంకన్న మామ గొలుసు దగ్గరికి వెళ్లిపోయాడు. చింతపండు బస్తాలు వాకిట్లో సిద్ధంగా ఉన్నాయి.

ఆమె స్పానర్ నట్టుకు తగిలించి రెండు చేతులతో లాగింది. చివరి బిగింపు దగ్గర ఎడమ చేయి పట్టు ఇవ్వలేదు. స్పానర్ జారి పక్కకు పోయింది. మళ్లీ తగిలించింది. మళ్లీ జారింది. పీట మీంచి నేను ఎప్పుడు లేచానో తెలియదు. నా చేయి స్పానర్ మీదికి వెళ్లింది.

“చెయ్యి తీయన్నా,” అంది తలెత్తకుండా. “ముట్టుకుంటే నువ్వు దిగల్ల.”

తీశాను. వెనక్కు వచ్చి పీట మీద కూర్చున్నాను.

ఆమె స్పానర్‌ను కింది వైపు నుంచి తగిలించి, కొస మీద పాదం ఆనించి, ఒళ్లంతా దాని మీద మోపింది. నట్టు కిర్రుమని తిరిగింది.

“చాలా?” అంది.

“ఇంకో పావు తిప్పు,” అన్నాను.